మనిషి నడిచేటంత వేగం

మహదేవపుర, బెంగళూరు
జూన్ 9

అమ్మీ భవ్యా,

వచ్చే వారం నిన్ను ఒక్కదాన్నే విమానంలో పైకి పంపుతారంట కదా! పక్కన నేర్పే ఆ మేడమ్ కూడా ఉండదంట కదా!

ఉత్తరంలో ముందు ఆశీర్వాదం రాయాలి, క్షేమం అడగాలి, ఆ తర్వాతే విషయమని మా అయ్యవారు నేర్పినాడు. అయిదో తరగతితో ఆగిపోయినవాణ్ణి కాబట్టి నేర్చుకున్న ఆ కాస్త పద్ధతీ ఇంతవరకూ తప్పలేదు. ఈ రోజు తప్పింది. నేనూ మీ అమ్మా క్షేమం, నువ్వూ క్షేమమని తలుస్తాను. అయిపోయింది. ఇప్పుడు మళ్ళీ రాస్తాను: నిన్ను ఒక్కదాన్నే పంపుతారంట కదా!

నువ్వు ఫోన్ చేసి మీ అమ్మకు చెప్పేసి ఉండొచ్చు. కానీ ముందు నాకు తెలియాలని ఉత్తరం రాశావు చూడు, అది నీ మంచితనం. మిల్లరు మిషను పక్కన నిలబడి కంకర జల్లీ సిమెంటూ కలిపీ కలిపీ నా చెవులు ఆ మోతకే ఇచ్చేశాను. దగ్గరికొచ్చి అరిస్తే వినపడుతుంది గాని, ఫోనులో మాత్రం వాన పడినట్టే ఉంటుంది. మెసేజి పెడితే ఆ అక్షరాలు నా కళ్ళకు చీమల బారు. కాగితం మీద నువ్వు పెద్దగా రాస్తే నీ గొంతు విన్నట్టే ఉంటుంది.

ఉత్తరం పట్టుకుని అట్లే ఇస్సాకు దగ్గరికి పరుగెత్తాను. పక్క వీధిలో గోడకు పూత పూస్తున్నాడు. నా పరుగు చూసి భయపడి కిందికి దిగాడు.

"ఏమైంది బావా? ఎవురన్నా పోయినారా?"

"పోలేదు, పోతాంది! మా అమ్మి పైకి పోతాంది!"

ఇంకా భయపడ్డాడు పాపం. ఉత్తరం చదివి వినిపిస్తే అప్పుడు తాపీ పక్కన పెట్టి, నన్ను ఎత్తుకోబోయి, నడుము పట్టేసుకున్నాడు. తర్వాత టీ అంగడిలో చెప్పాను, ఇస్త్రీ అతనికి చెప్పాను, మన వీధి మూల మేడలో ఉండే సాఫ్టువేరు అమ్మాయికి చెప్పాను. ఆమె లిఫ్టులోకి పోతూ ఉంటే నేనూ ఎక్కి చెప్పాను.

మీ అమ్మ మాత్రం కూరగాయలు తరుగుతూ తల ఎత్తలేదు. "ఒంటిగా హిందూపురం బస్సెక్కించేదానికే నేను ఒప్పుకోను. ఆకాశంలోకి ఒంటిగా పంపుతారా? ఆ మేడమ్‌కు అంత తొందర పని ఏముండాది?" అంది. వీధిలో ఎంతైనా చెప్పుకోమంది గానీ, చుట్టాలకు మాత్రం పని అయినంక చెప్పమంది. దిష్టి తగులుతుందంట. సరే అన్నాను. నోరు కట్టుకుని కూర్చున్నాను.

విమానం ఎంత వేగంగా పోతుందో రాయి. ఇస్సాకు అడిగాడు, నాకు తెలియలేదు, గబగబా ఏదో చెప్పాను.

ఒకటి మాత్రం మరిచిపోవద్దు. నీకు చిన్నప్పటి నుంచీ చెబుతున్నదే. నీ వెనకాల ఎవర్నీ నిలబెట్టొద్దు. స్లాబు వేసే రోజు మేమంతా కింద నుంచి పైదాకా వరసగా నిలబడి తట్టలు చేతికి చేయి అందించుకునేవాళ్ళం. ఒక్కరు ఆగితే లైనంతా ఆగుతుంది, కలిపిన మాల్ తట్టల్లోనే గట్టిపడుతుంది. లైను ఆపినవాణ్ణి మేస్త్రీ మరుసటి రోజు పిలిచేవాడు కాదు. ఈ ఊరికి వచ్చినవాళ్ళం, ఎవరి దారికీ అడ్డం కాకుండా బతికాం. నువ్వూ అట్లే చురుగ్గా ఉండు.

నీ నాయన,
పాపయ్య

*

ఏరోడ్రోమ్ హాస్టల్, దొడ్డబళ్ళాపురం దాటాక
జూన్ 20

నాయనకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ మధ్యాహ్నానికల్లా మబ్బు దిగిపోతోంది. నన్ను ఒంటరిగా పంపడం కాస్త వెనక్కి జరిగింది. ఎప్పుడన్నది అనిత మేడమ్ చెబుతారు. అంతవరకూ వీధిలో ఇంకెవరికీ చెప్పకుండా ఉండు నాయనా.

విమానం వేగం అడిగావు. పైన ఎంత పోతుందో రాస్తే నువ్వు లిఫ్టుల్లో ఎక్కి చెబుతావు. కాబట్టి కింద ఎంత పోతుందో రాస్తాను. షెడ్డు నుంచి రన్‌వే దాకా విమానం తన చక్రాల మీద తనే పోవాలి. దీన్ని టాక్సీ చేయడం అంటారు. దానికి సరైన వేగం మనిషి నడిచేటంత. నవ్వకు, నిజం. "పెళ్ళికూతురు నడిచేటంత కాదు, బస్సు కోసం పరుగెత్తేటంత కాదు. పని మీద పోయే మనిషి నడిచేటంత" అంటారు మేడమ్. దారి పొడుగ్గా, ఖాళీగా ఉంటే ఇంకొంచెం పోనిస్తారు. మలుపు వస్తే, పక్కన విమానాలు ఆగి ఉంటే, తడి ఉంటే మళ్ళీ నడకే, కొన్నిసార్లు అంతకంటే తక్కువే.

కారు లాంటిది కాదు ఇది. మూడు చిన్న చక్రాలు, రెండు వైపులా పొడుగాటి రెక్కలు. ఎగరడానికి పుట్టిన వస్తువుకు నేల మీద అంత తెలివి ఉండదు. గాలి పక్క నుంచి కొడితే రెక్క లేవబోతుంది. పైగా లోపల కూర్చున్నవాళ్ళకు వేగం తెలియదు. ఇప్పుడే ఎగిరి దిగివచ్చిన కంటికి నేల మీద ఎంత పోయినా పాకుతున్నట్టే ఉంటుంది. వేగం పెంచేసి బ్రేకులు తొక్కుకుంటూ పోతే అవి వేడెక్కి, కావలసిన చోట పట్టవు. అందుకే ముందు ఇంజను తగ్గించాలి, తర్వాతే బ్రేకు. ఈ క్షణంలో బ్రేకు పట్టకపోతే ఏమవుతుందని మనల్ని మనం అడుక్కోవాలి. ఏమీ కాదు, అదే ఆగుతుంది అని జవాబు వస్తే అది సరైన వేగం.

రాస్తుంటే నాకే పాఠం ఒప్పజెప్పుకున్నట్టు ఉంది. అమ్మను అడిగానని చెప్పు.

భవ్య

*

మహదేవపుర
జూన్ 27

అమ్మీ,

విమానం నడుస్తుందా! ఇస్సాకుకు చదివి వినిపిస్తే నవ్వీ నవ్వీ, "అట్లయితే బావా, నేనూ రోజూ మార్కెట్ దాకా టాక్సీ చేస్తాండానే" అన్నాడు. ఆ పూట నుంచి ఆయన పెళ్ళాం, మీ బేబీ అత్త కూడా ఆయన్ను "టాక్సీ, ఊటకు రా" అని అన్నానికి పిలుస్తోంది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. అందులో చక్రాలున్నాయి, రెక్కలున్నాయి, మేడమ్ ఉంది. నువ్వు లేవు. అన్నం తిన్నానని కూడా లేదు. ఎప్పుడూ చివర్లో "నీ గారాల పైలట్" అని రాస్తావు, ఈసారి ఉత్త పేరు రాశావు.

మబ్బు అన్నావు. మరి నీతోటి హరి అనే అబ్బాయి ఒంటరిగా పోయివచ్చాడని నువ్వే మీ అమ్మకు ఫోనులో చెప్పావంట. అతనికి లేని మబ్బు నీకెట్లా వచ్చింది తల్లీ?

నాకు ఒకటి అనిపిస్తోంది. నువ్వు మరీ మెల్లగా పోతున్నావేమో, మేడమ్‌కు అది నచ్చలేదేమో. చిన్నప్పుడూ అంతే, బడికి పోయే దారిలో ప్రతి కుక్కపిల్లకూ పలకరింపు. నడిచేటంత వేగం అని వాళ్ళు మర్యాదకు చెబుతారు. అందరూ నీ వెనక ఆగిపోయి ఉంటే ఊరుకుంటారా? కొంచెం చురుగ్గా కదులు. తట్టలు మోసినోళ్ళ పిల్ల వచ్చి దారి కట్టేసిందని ఎవరూ అనకూడదు. తప్పుగా రాసి ఉంటే వదిలెయ్. నాకు ఏమీ తెలియకనే ఇట్లా తడుముకుంటున్నాను. చెబితే తడుముకోను.

నాయన

*

ఏరోడ్రోమ్ హాస్టల్
జూలై 5

నాయనా,

కోపంతో ఒక ఉత్తరం రాసి చించేశాను. ఇది రెండోది. ఇందులోనూ కొంచెం కోపం మిగిలి ఉంటుంది, క్షమించు.

నేను మెల్లగా పోలేదు. వేగంగా పోయాను.

మరుసటి రోజు నన్ను ఒంటరిగా పంపాలి. ముందు రోజు మేడమ్ పక్కన కూర్చుని చివరిసారి చూస్తున్నారు. అంతా బాగా చేశాను, దిగాను కూడా బాగా. రన్‌వే నుంచి షెడ్డుకు తిరిగి వస్తున్నాం. తెల్లవారుజామున వాన పడి దారి తడిగా ఉంది. అప్పుడు రేడియోలో హరి గొంతు వినిపించింది, తను నా వెనకే ఉన్నానని. అతను తొందర పెట్టలేదు. ఎవరు ఎక్కడున్నారో అలా చెప్పుకోవడం ఇక్కడ పద్ధతి, అంతే. కానీ 'వెనక' అన్న మాట వినగానే నా చేయి దానంతట అదే ఇంజను పెంచేసింది. ఎందుకు పెంచానో ఆలోచించనైనా లేదు. మేడమ్ "తగ్గించు" అనేలోపు మలుపు వచ్చేసింది. బ్రేకు గట్టిగా తొక్కాను. చక్రాలు తిరగడం మాని జారాయి. దారి దిగి బురదలోకి పోయాం, రెక్క చివర పక్కనున్న గుర్తు బోర్డుకు కొట్టుకుని వంగింది.

మాకిద్దరికీ ఏమీ కాలేదు. ట్రాక్టరుతో లాగారు. అందరూ షెడ్డు ముందు నిలబడి చూస్తుంటే బురద కాళ్ళతో నడిచి వచ్చాను.

మేడమ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నిన్ను ఎవరు తరుముతున్నారు భవ్యా? హరి కాదు. నేను కాదు. మరి ఎవరు?" అని అడిగారు. ఏమని చెప్పను? ఎప్పుడో కట్టిన మేడలకు తట్టలు అందించిన లైను నన్ను తరుముతోందని చెప్పనా? గదికి వచ్చి చూస్తే నీ ఉత్తరం ఉంది, వెనకాల ఎవర్నీ నిలబెట్టొద్దని. ఆ తర్వాత ఇంకోటి వచ్చింది, చురుగ్గా కదలమని.

రెక్క బాగు చేస్తున్నారు. ఆగస్టులో లలిత్ సార్ అని పెద్ద సార్ వచ్చి నన్ను పరీక్ష చేస్తారు. ఆయన సరేనంటే ఒంటరిగా పోతాను. కాదంటే నాకు స్కాలర్‌షిప్పు మీద ఇచ్చిన సీటు వరసలో తర్వాత ఉన్నవాళ్ళకు పోతుంది. ఇంటికి వచ్చేస్తాను.

బాగా నేర్చుకున్నదంతా ఎగరడంలో ఉంది నాయనా. పోగొట్టుకునేది మాత్రం నేల మీద.

ఎవరికీ చెప్పొద్దు. అమ్మకు అసలే వద్దు.

భవ్య

*

మహదేవపుర
జూలై 13

నా తల్లీ,

ఏమీ తగల్లేదని రాశావు. ఇంకోసారి రాయి. మోకాలికి తగల్లేదని వేరే, భుజానికి తగల్లేదని వేరే రాయి. ఆ రెక్క వంగితే వంగనీ. ఇనుప రేకే కదా, తట్టి సరిచేస్తారు.

నీ కోపం కాగితం మీద కనిపించింది. ఉండనీ. కోపం లేకుండా రాసి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఉత్తరం వచ్చిన రోజు ఏం చేయాలో తోచక బస్టాపుకు పోయాను. కె.ఆర్.పురం బస్సు వచ్చింది. నేను ఎప్పుడూ ఎట్లా ఎక్కుతానో తెలుసు కదా, మోకాలు నొప్పైనా ఒక్క ఎగురు ఎగిరి లోపల పడతాను, వెనకాల జనం ఆగకూడదని. ఆ రోజు ఎగరలేదు. కడ్డీ పట్టుకున్నాను. ఒక కాలు పెట్టాను. ఊపిరి పీల్చుకున్నాను. రెండో కాలు పెట్టాను. కండక్టరు చేయి ఊపుతూ "బేగ అజ్జా, బేగ" అని తొందర పెడుతున్నాడు. వెనక ఎవరో నా వీపు తోశారు. నేను తిరిగి, "ఎక్కుతాండాను కదప్పా, మింగేస్తావా నన్ను?" అన్నాను. బెంగళూరుకు వచ్చినప్పటి నుంచీ ఈ ఊళ్ళో ఎవరినీ అంత మాట అన్నది లేదు. ఏమైందనుకున్నావు? ఏమీ కాలేదు. బస్సు ఆగింది. నేను ఎక్కాక పోయింది. తోసిన అబ్బాయే లేచి నాకు సీటు ఇచ్చాడు!

ఆ సీట్లో కూర్చుని ఆలోచించాను. లైను ఎందుకు ఆగకూడదు? మాల్ గట్టిపడుతుందని. అంతే కదా. మరి ఆ హరి విమానంలో ఏం గట్టిపడుతుంది? నీ వెనక ఉన్నది కాంక్రీటు కాదు తల్లీ. ఇంకొక పిల్లవాడు. వాడూ నడిచేటంత వేగంతోనే పోవాలి కదా, వాడికి మాత్రం వేరే వేగం ఎక్కడిది? కట్టడం పని మాట తీసుకొచ్చి విమానంలో పెట్టాను. అక్కడిది అక్కడే వదిలెయ్.

ఎవరికీ చెప్పొద్దన్నావు. మీ అమ్మకు చెప్పేశాను. దాచానని అనుకుంటూనే ఉన్నాను, సాయంత్రానికల్లా "మొగం ఏంది, అట్ల సున్నం కొట్టినట్టు ఉండాది?" అని పట్టేసింది. అంతా విని, "నేను చెప్తా, రాయి. ఒక్క మాట కూడా మార్చొద్దు" అంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"అమ్మీ, మీ నాయన చెప్పే లైను కత సగమే. లైను ఎప్పుడూ నిలబడకూడదంట! నేను నిలబెట్టినా. నీకు అప్పుడు పళ్ళు కూడా రాలే. ఎలక్ట్రానిక్ సిటీలో పెద్ద స్లాబు. కర్రలకు చీర కట్టి నిన్ను ఉయ్యాల్లో ఏసి, నేను మెట్ల మలుపుకాడ లైన్లో ఉండాను. నువ్వు ఏడుపు ఎత్తుకుంటివి. ఒక తట్ట అందిచ్చినా. ఇంకోటి అందిచ్చినా. నీ గొంతు బొంగురు పోయె. ఇంక నా వల్ల కాలే. చేతిలో తట్ట కింద పెట్టి, పోయి నిన్ను ఎత్తుకుని పాలకు పెట్టుకుంటి. కింద నుంచి పైదాకా అంతా నిలబడె. మేస్త్రీ పైనుంచి నోటికొచ్చినట్లు అరిసె. నేను ఏమంటినో తెలుసునా? 'స్లాబు నీది, పిల్ల నాది. నిలబడు' అంటి. నువ్వు కడుపు నిండా తాగినంత సేపూ నిలబడినారు. పక్కనుండే ఆడోళ్ళు కూసుని ఆకు కూడా ఏసుకున్యారు. ఆ స్లాబు పడలే. దాని కింద ఇప్పుడు అందరూ కంప్యూటర్లు కొడతాండారు. నీ కోసరం నిలబడేవాళ్ళు నీకు పళ్ళు రాకముందే ఉండారు. ఇప్పుడు ఒక విమానం నిలబడితే ఏం పోయె? నిదానంగా రా. టయానికి తిను."

ఇంతే చెప్పింది. ఆ రోజు లైన్లో ఆమెకు రెండు మెట్ల కింద నేనూ ఉన్నాను. చేతిలో తట్ట పట్టుకుని నిలబడ్డాను. నువ్వు తాగడం నాకు కనిపించింది. బరువు గుర్తులేదు.

సీటు పోతే పోనీ అని నేను అనను. అది అబద్ధం. నువ్వు పోవాలి, ఒక్కదానివే పోవాలి, నేను చూడాలి. కానీ మెల్లగా పో.

నాయన

*

ఏరోడ్రోమ్ హాస్టల్
ఆగస్టు 22

నాయనకు, అమ్మకు,

మోకాలికి తగల్లేదు. భుజానికి తగల్లేదు. వేరేవేరేగా రాశాను, చాలా?

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకుని ఉంటారు. అయ్యాకే రాయాలనుకున్నాను.

అమ్మ మాటలు నేను కన్నడంలోకి మార్చి అనిత మేడమ్‌కు చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇదీ నేను అడిగినదానికి జవాబు. నెలకు పైగా దాచావు" అన్నారు. మరుసటి రోజు నుంచి విమానాలు బయటికి రాకముందే నన్ను ఆ దారంతా కాలినడకన నడిపించారు. షెడ్డు నుంచి రన్‌వే దాకా, మళ్ళీ వెనక్కి. పాదాలకు తెలిస్తే కళ్ళకు తెలుస్తుందంట. తర్వాత విమానంలో కూర్చోబెట్టి, కిటికీ పక్క నుంచి గడ్డి ఎంత మెల్లగా వెనక్కి పోతోందో చూడమన్నారు. హరి కావాలనే నా వెనక వచ్చేవాడు. మొదటి రోజు రేడియోలో అతని గొంతు వినగానే చేయి మళ్ళీ కదిలింది. మేడమ్ నా చేతి మీద తన చేయి పెట్టారు. ఒక వారానికి ఆ చేయి పెట్టాల్సిన అవసరం లేకపోయింది.

"నేను వెనకున్నానని చెప్పేది నిన్ను గుద్దకుండా ఉండేదానికి, తరిమేదానికి కాదే తల్లీ" అన్నాడు హరి. వాళ్ళది కదిరి. మాట నీ మాటలాగే ఉంటుంది.

నిన్న లలిత్ సార్ వచ్చారు. మాట్లాడని మనిషి. ఎగిరాం, దిగాం. తిరిగి వస్తుంటే అదే మలుపు, అదే తడి. వెనక ఒకటి కాదు, రెండు విమానాలు. ఇంజను తగ్గించాను. గడ్డిని చూశాను. మలుపు దగ్గర ఇంకా మెల్లగా ఉండాలనిపించింది. రేడియోలో చెప్పాను, మెల్లగా తిరుగుతున్నాను, వెనకవాళ్ళు ఆగండి అని. నాయనా, నా జీవితంలో ఎవరినైనా ఆగమని చెప్పడం అదే మొదలు. రెండు గొంతులు వెంటనే సరే అన్నాయి. అంతే. ఎంత తేలికో.

షెడ్డు ముందు ఆగాక లలిత్ సార్ బెల్టు విప్పుతూ, "ఆ మలుపులో నాకు నిద్ర వచ్చింది" అన్నారు. సీటు పోయిందనే అనుకున్నాను. ఆయన పోయాక మేడమ్ చెప్పారు, ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మెచ్చుకోలు ఇంతవరకూ ఎవరూ వినలేదంట.

వచ్చే శనివారం పొద్దున, గాలి తక్కువగా ఉంటే, నేను ఒక్కదాన్నే పోతాను. ఇద్దరూ రండి. దొడ్డబళ్ళాపురంలో దిగి ఆటో ఎక్కండి. గేటు దగ్గర మీ పేర్లు చెప్పాను. అమ్మను కంచె పట్టుకుని అరవొద్దని చెప్పు. ఇంజను మోతలో నాకు వినపడదు, మిగతావాళ్ళందరికీ వినపడుతుంది.

మీ గారాల పైలట్

*

మహదేవపుర
ఆగస్టు 31

అమ్మీ, బంగారూ, నా విమానమా,

పోయివచ్చావు! ఒక్కదానివే పోయి, ఒక్కదానివే వచ్చావు!

నిన్న నీతో మాట్లాడదామంటే కుదిరిందా? నువ్వు దిగీ దిగకముందే ఆ పిల్లలంతా బకెట్లతో నీళ్ళు తెచ్చి నీ నెత్తిన పోశారు. అది మీ దగ్గర ఆచారమని, నీ వెనకే విమానం ఆపి వచ్చిన హరి నా చెవిలో అరిచి చెప్పేసరికే మీ అమ్మ ఆ పిల్లల్ని తరుముకుంటూ పోయింది. "జలుబు చేస్తాదిరా, నా బిడ్డ ఇప్పుడే మబ్బుల్లో నుంచి దిగె, మీకు బుద్ధుండాదా?" అని. ఆ మేడమ్‌ను కూడా వదల్లేదు. మేడమ్ నవ్వుతూ తువ్వాలు ఇచ్చింది. నేను పక్కన నిలబడి ఏడుస్తూ ఉన్నాను, అది నువ్వు చూశావు. కాబట్టి నువ్వు చూడనిది రాస్తాను. నువ్వు లోపల ఉన్నావు, నేను బయట ఉన్నాను.

నువ్వు రన్‌వే మీద పరుగెత్తి లేచినప్పుడు మీ అమ్మ కొంగు మొహం మీద కప్పేసుకుంది. మళ్ళీ తీయలేదు. "దిగిందా? దిగిందా?" అని నా చొక్కా లాగుతూనే ఉంది. నేను చూశాను. ఎండలో చిన్న తెల్లటి చుక్కవై ఒక చుట్టు తిరిగావు. అందులో నా బిడ్డ ఉందని నాకు నేను చెప్పుకోవాల్సి వచ్చింది. నిజం చెబుతున్నాను, ఆకాశంలో ఉన్నప్పుడు అది నువ్వని అనిపించలేదు. అంత దూరంలో ఎవరైనా ఒకటే.

దిగాక వచ్చావు చూడు, అప్పుడు నువ్వు.

కంచె పక్కన మట్టికట్ట ఉంది కదా, దాని వెంబడి నీ దారి పోతుంది. నువ్వు ఆ దారిలోకి తిరిగావు. నీ వెనకాల ఇంకో విమానం తిరిగింది, దాని వెనక ఇంకోటి. నేను కట్ట ఎక్కాను. నువ్వు కదిలావు, నేనూ నడిచాను. పరుగెత్తలేదు. మోకాలు నొప్పితోనే నడిచాను, అయినా నీకు వెనకబడలేదు. నువ్వు నన్ను దాటిపోలేదు. కంచె తీగ మీద చేయి వేసుకుంటూ పోయాను. చెవులకు వినపడకపోయినా నీ ఇంజను ఆ తీగలో నుంచి నా చేతికి తెలిసింది. సన్నగా, నిదానంగా, పిల్లి ఒళ్ళో పడుకున్నప్పుడు తెలిసినట్టు.

మలుపు దగ్గర నువ్వు ఇంకా తగ్గావు. నేను ఆగి వెనక్కి చూశాను, నా అలవాటు చావదు కదా. వెనక విమానంలో హరి ఉన్నాడు. అద్దంలో నుంచి నన్ను గుర్తుపట్టి, రెండు చేతులూ ఎత్తి చూపించాడు, 'నాకేం తొందర లేదు పెద్దాయనా' అన్నట్టు. అంత పెద్ద రెక్కలు, అంత ఇంజను, అన్నీ పెట్టుకుని నా బిడ్డ వెనక నిలబడి ఉన్నాడు. ఆ వెనక అతనూ నిలబడ్డాడు. నువ్వు నీకు కావలసినంత సేపు తీసుకుని తిరిగావు. రెక్క చివర బోర్డు పక్క నుంచి ఎంత దూరంగా పోయిందో నేను కొలిచినట్టు చూశాను. మనిషి పడుకునేంత చోటు ఉంది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో మీ అమ్మ అడిగింది, "ఎట్ల ఎగిరె?" అని. ఎగిరిన సంగతి నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. నడిచిన సంగతి చెప్పాను. యలహంక దాటేదాకా చెప్పాను. విని, "మూడుసార్లు చెప్తివి" అంది. ఆ తర్వాత కిటికీలోంచి చూస్తూ, "ఇంకోసారి చెప్పు" అంది.

ఇప్పుడు పని అయింది కాబట్టి చుట్టాలకు చెప్పుకోవచ్చని అనుమతి ఇచ్చింది. నేను ఫోనులో మాట్లాడలేను, ఆమె మాట్లాడితే తిండి మాటలే మాట్లాడుతుంది. కాబట్టి ఈ భారం నీదే. ఎవరినీ వదలొద్దు, తర్వాత నాకు మాట వస్తుంది.

ముందు కళ్యాణదుర్గంలో మా రామక్కకు. ఆమెకే ముందు చెప్పాలి, రెండోదిగా చెబితే పండక్కి రాదు.

ధర్మవరంలో సొన్నమ్మ పిన్నికి రెండుసార్లు చెప్పు. మొదటిసారి నమ్మదు.

మడకశిరలో లింగన్న మామకు. విమానం కింద పడితే ఏమవుతుందని అడుగుతాడు. పడలేదని చెప్పి పెట్టెయ్.

మీ అమ్మ తమ్ముడు అంజికి, వాడి పెళ్ళాం జ్యోతికి. వేరువేరుగా చెప్పాలి, ఇప్పుడు మాటల్లేవంట. ఈ వంకతోనైనా ఒకరికొకరు చెప్పుకుంటారేమో.

ఇస్సాకుకు, బేబీకి నేను రాత్రే చెప్పేశాను. అయినా నువ్వు కూడా చెప్పు, నీ నోటితో వింటే వేరు. ఇస్సాకు ఈ పొద్దున ఆదివారం ప్రార్థనలో అందరి ముందూ లేచి చెప్పాడంట. ఆ ప్రార్థనకు వచ్చినవాళ్ళకు ఇక చెప్పనక్కర్లేదు.

హిందూపురం వనజ వదినకు, ఆమె ముగ్గురు కోడళ్ళకు. కోడళ్ళలో చిన్నామెకు ఆడపిల్ల పుట్టిందని ఎవరూ పలకరించలేదంట. ఆమెకు కొంచెం ఎక్కువసేపు చెప్పు.

కదిరిలో ఆ హరి వాళ్ళ అమ్మకు. పేరు తెలియదు, కనుక్కో. "మీ కొడుకు మా బిడ్డ వెనక నిలబడ్డాడు, తొందర పెట్టలేదు" అని చెప్పు. ఆమె మనకు ఏమవుతుందని అడిగితే, మా నాయన మిమ్మల్ని చుట్టాల్లో రాశాడని చెప్పు.